చుట్టాలు పాలమూరు (మహబూబ్‌నగర్) వస్తున్నారు, మర్రిచెట్టు తర్వాత ఏమి చూపించాలి?

మెట్టుగడ్డ కోడలు
మా పుట్టిల్లు రాజమండ్రి. పెళ్లయి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి మా అన్నయ్యది ఒకటే పాట: "మీ ఊళ్లో ఎండ తప్ప చూడటానికి ఏముంది?" ఇన్నాళ్లకు, ఈ కార్తీకంలో, వదిననూ పిల్లలనూ అమ్మనూ వెంటబెట్టుకుని వస్తున్నాడు. మూడు రోజులు ఉంటారట. ఏమేమి చూపిద్దామని మా ఆయన్ను అడిగితే, "పిల్లలమర్రికి తీసుకెళ్లు, సాయంత్రం పెద్ద చెరువు కట్ట మీద తిప్పు, మర్నాడు పొద్దున హైదరాబాద్ రైలెక్కించు" అన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి! హైదరాబాద్ చూడాలనుకుంటే వాళ్లు సరాసరి అక్కడికే వెళ్లరా? మా ఇంటికి రావడం ఎందుకు?

అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. వదినకు చీరలు కనబడితే ఆకలి గుర్తుండదు. అన్నయ్యకు ఆకలి తప్ప ఇంకేమీ గుర్తుండదు. పిల్లలిద్దరూ బడికి వెళ్లే వయసు వాళ్లు, నీళ్లు కనబడితే చాలు. కారు ఉంది, ఒప్పుకుంటే నడపడానికి మా ఆయన కూడా ఉన్నాడు. ఈసారి అన్నయ్య నోరు మూయించాలి. కాస్త సాయం చేయండి.

రైలుకట్ట
మీ ఆయన సరిగ్గానే చెప్పాడు. పాలమూరుకు పేరొచ్చింది ఇక్కడికి వచ్చేవాళ్ల వల్ల కాదు, ఇక్కడి నుంచి వెళ్లిపోయేవాళ్ల వల్ల.

షాసాబ్ గుట్ట
మొదలుపెట్టారూ! రైలుకట్ట గారిది ఏ చర్చలో చూసినా ఇదే వరస. మీరు ఊరొదిలి కూకట్‌పల్లిలో ఉంటున్నంత మాత్రాన ఊళ్లో ఏమీ మిగల్లేదని అనుకోవద్దు.

రైలుకట్ట
మిగిలింది ఏమిటో చెప్పండి మరి. గడియారం దగ్గర ట్రాఫిక్ జాము చూపిస్తారా?

షాసాబ్ గుట్ట
2025లో కార్పొరేషన్ అయ్యాం. జాము కూడా హోదాకు తగ్గట్టు ఉండాలిగా.

పాత పాలమూరు
ముందు పిల్లలమర్రిని అలా తీసిపారేయకండి. "ఇదిగో పెద్ద చెట్టు" అని చూపిస్తే పిల్లలు పది నిమిషాల్లో చూసేసి ఐస్‌క్రీమ్ అడుగుతారు. కథ చెప్పి చూపించాలి. వయసు ఏడు వందల ఏళ్లకు పైనే అంటారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. లోపల అసలు మొదలు ఏదో పోల్చుకోలేరు. దిగిన ఊడలే మానులై, ఆ మానుల నుంచి మళ్లీ కొమ్మలు.

2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చూస్తే లోపలంతా చెదలు. జనాన్ని రానివ్వడం ఆపేసి చెట్టుకు వైద్యం మొదలుపెట్టారు. కొమ్మలకు సన్నటి రంధ్రాలు చేసి, ఆసుపత్రిలో వాడే సెలైన్ సీసాలు వేలాడగట్టి, చెదల మందును చుక్కచుక్కగా ఎక్కించారు. బరువు మోయలేని కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. కొత్త ఊడలను గొట్టాల్లోకి వదిలి నేల దాకా దించారు. ఏళ్లతరబడి సాగింది ఆ పని. పిల్లలకు ఇది చెప్పి చూడండి, ఐస్‌క్రీమ్ సంగతి మరిచిపోతారు. మా కాలంలో ఊడలు పట్టుకుని ఊగేవాళ్లం, ఇప్పుడు ఆ పప్పులు ఉడకవు, దూరంగా నిలబడి చూడాల్సిందే.

పక్కనే మ్యూజియం ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోవలసిన రాజరాజేశ్వర ఆలయాన్ని విప్పి, రాళ్లన్నీ తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. చెట్టు దగ్గర దర్గా కూడా ఉంది. అమ్మగారికి ఇక్కడ ఎక్కడానికి కొండలేమీ లేవు.

ఇంకొకటి. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలను ఈ చెట్టు దగ్గరికే తీసుకొచ్చారు. మీ అన్నయ్యకు ఆ మాట చెప్పండి, ఇవాళే బయలుదేరతారు.

మెట్టుగడ్డ కోడలు
ఆ మాట వదిన చెవిన పడితే ప్రయాణమే మానుకుంటారు.

నీలగిరి వాసి
నల్లగొండ నుంచి ఒక హెచ్చరిక. ఫోనులో ఉత్తి "పిల్లలమర్రి" అని కొట్టి దారి పట్టారో, సూర్యాపేటలో తేలతారు. మా బావమరిది అలాగే వెళ్లి ఆ ఊళ్లో కనబడిన ప్రతివాడినీ "చెట్టు ఎక్కడ?" అని అడిగాడు. అక్కడున్నవి కాకతీయుల కాలపు శివాలయాలు. ఎరకేశ్వరాలయం 1208 నాటిది. వాళ్లు ఓపికగా గుడి చూపించారు, వీడు ఓపికగా చెట్టు అడిగాడు. చివరికి ఆ నల్లరాతి స్తంభాల నునుపు చూసి చెట్టు సంగతి వదిలేశాడు.

అసలు నన్నడిగితే మూడు రోజులూ మా వైపే రండి. పానగల్లు ఛాయా సోమేశ్వరం, నాగార్జునసాగర్, బుద్ధవనం. అన్నీ చదును నేల మీదే.

షాసాబ్ గుట్ట
ఇదిగో, చుట్టాలను ఎత్తుకుపోవడానికి నల్లగొండ దిగింది.

నీలగిరి వాసి
ఛాయా సోమేశ్వరంలో పొద్దున నుంచి సాయంత్రం దాకా లింగం వెనక స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. మీ ఊళ్లో నీడ కావాలంటే మర్రిచెట్టు దాకా వెళ్లాలి.

పాత పాలమూరు
ఇది ఒప్పుకోక తప్పదు, బాగా తగిలించారు.

జాతీయ రహదారి 44
నేను టాక్సీ నడుపుతాను, ఈ జిల్లాల్లో తిప్పడమే నా బతుకుదెరువు. ఊరు చూపించడం అంటే ఊళ్లోనే తిప్పడం అనుకుంటున్నారు అందరూ. 2016లో జిల్లా ముక్కలయింది గానీ, చూసేవాళ్లకు పాలమూరంటే ఇప్పటికీ గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, నారాయణపేట అన్నీ కలిపే. నిజాం ఏలుబడిలో ఇక్కడ ఒక్కో పట్నం ఒక్కో సంస్థానం. ఎవరి కోట వారిది, ఎవరి పండితులు వారికి. అందుకే అన్నీ ఒకచోట దొరకవు, తిరగాలి.

నా లెక్క: తెల్లవారుజామునే బయలుదేరి ముందు అలంపురం. వంద కిలోమీటర్లు దాటుతుంది, కానీ ఎక్కువ భాగం హైవే, అమ్మగారు నిద్రపోవచ్చు. మధ్యాహ్నానికి గద్వాల, కోట, చీరలు. పొద్దు వాలే వేళకు కృష్ణ మీది జూరాల డ్యామ్. చేపలు తిని చీకటి పడ్డాక ఇంటికి. వీలుంటే దారిలో వనపర్తి ప్యాలెస్. అది ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ, బయటి నుంచి చూసి రావడమే.

గద్వాల అంచు
అన్నా, మా గద్వాలను మధ్యాహ్నం భోజనానికీ జూరాలకూ మధ్య ఇరికించడం న్యాయమా? చీరలంటే ఇష్టం ఉన్న మనిషిని తీసుకొచ్చి, దుకాణంలో నాలుగు మడతలు విప్పించి, "టైమైంది పదండి" అంటే పాపం తగులుతుంది. మగ్గం చూడాలి. ఇళ్లలో పొద్దున పూటే పని జోరుగా ఉంటుంది.

గద్వాల చీరకు ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. విడివిడిగా నేసి సూదితో కలిపారనుకుంటారు చాలామంది. కాదు. ఒకే మగ్గం మీద మూడు నాడెలు (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేవి) నడుస్తాయి, రెండు అంచులకు రెండు, ఒంటికి ఒకటి. ప్రతి వరసలోనూ పట్టు పోగు వచ్చి నూలు పోగును మెలేసి పట్టుకుని వెనక్కి తిరుగుతుంది. అందుకే పని నెమ్మది. మా పెద్దనాన్న పక్కన కూర్చుని చూసేదాన్ని. నాడె వేసి, అంచు దగ్గర వేలితో పోగు సవరించి, పలక కొట్టి, మళ్లీ నాడె. మాట్లాడించినా తల ఎత్తేవాడు కాదు.

వదినగారికి ఒక చిట్కా: అంచు ఒంటితో కలిసే చోట చీర తిరగేసి వెలుతురులో పట్టి చూడమనండి. పోగులు ఒకదాన్నొకటి పట్టుకున్న వరస కనబడుతుంది. అది లేకుండా అంచు, ఒళ్లు ఒకే గుడ్డగా నున్నగా సాగిపోతే, దుకాణదారు ఎంత తీయగా మాట్లాడినా కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

ఇంకో సంగతి. తిరుమల బ్రహ్మోత్సవాలకు స్వామికి ఏటా ఏరువాడ జోడు పంచెలు వెళ్లేది గద్వాల నుంచే. సంస్థానం నాటి ఆచారం. నేసేవాళ్లు దీక్షలో ఉండి నేస్తారు. మీ అమ్మగారికి ఇది చెబితే మగ్గానికి దండం పెట్టుకుని గానీ కదలరు.

పేట మామయ్య
గద్వాల గద్వాల అంటున్నారు, నారాయణపేట ఎవరికీ గుర్తు రాలేదా? రోజూ కట్టుకోగల చీర మాది. గళ్ల ఒళ్లు, గుడి గోపురాల అంచు, ఉతికినా రంగు దిగదు. శివాజీ సైన్యంతో వచ్చిన నేతగాళ్లు కొందరు ఇక్కడే ఉండిపోయారని మా వైపు చెప్పుకుంటారు. నేటికీ మా బజారులో తెలుగు, కన్నడ, మరాఠీ మూడూ వినబడతాయి. బారం బావి కూడా చూడండి. మెట్ల బావి అంటే ఎలా ఉండాలో తెలుస్తుంది.

గద్వాల అంచు
మామయ్యా, మాది పెళ్లికి, మీది పొద్దున పనులకు. పోటీ ఎక్కడుంది?

పేట మామయ్య
పెళ్లి ఒక్కరోజమ్మా. పనులు రోజూ ఉంటాయి.

మెట్టుగడ్డ కోడలు
రెండూ కొనిపించేలా ఉన్నారు. ఖర్చు అన్నయ్యది కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

తుంగభద్ర గట్టు
44 గారు అలంపురం పేరు చెప్పి దాటేశారు. మా ఊరు అక్కడికి దగ్గర కాబట్టి కాస్త విస్తారంగా చెబుతాను, భరించండి.

అందరూ జోగులాంబ దర్శనం చేసుకుని కారెక్కేస్తారు. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి, వద్దనను. కానీ పాత గుడి పడగొట్టబడ్డాక వందల ఏళ్లు అమ్మవారు పక్కనున్న బాలబ్రహ్మ ఆలయంలోనే పూజలందుకుంది, ఇప్పటి గుడి 2005లో వచ్చింది. అసలు పాతవి ఆ తొమ్మిది బ్రహ్మ ఆలయాలు. బాదామి చాళుక్యులవి, ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి. పేర్లన్నీ బ్రహ్మవి, లోపల ఉన్నది శివుడు. మీ పిల్లలు "మరి బ్రహ్మ ఎక్కడ?" అని అడుగుతారు, ఎవరైనా పూజారిని అడిగి రెడీగా ఉండండి.

శిఖరాలు చూడండి. చాలావరకు మన దక్షిణాది గోపురాల వాలకం కాదు, ఉత్తరాది వాళ్ల పద్ధతిలో వంపు తిరిగి పైకి వెళతాయి, నెత్తిన ఉసిరికాయ ఆకారంలో రాయి. స్వర్గబ్రహ్మ వినయాదిత్యుడి కాలానిది, అన్నిటిలోకి శిల్పం ఎక్కువ ఉన్నది అదే. దాని చుట్టూ ఎండ పడే వైపు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా నడవండి. గోడల గూళ్లలో ఉన్న బొమ్మల కన్నా ముందు రాతి కిటికీలు చూడండి. ఒక్కో కిటికీకి ఒక్కో రకం జల్లెడ చెక్కారు. గర్భగుడి చుట్టూ లోపలే ప్రదక్షిణ దారి ఉంటుంది, ఆ దారికి వెలుతురు వీటి గుండానే. పొద్దున తొమ్మిది లోపల వెళితే నేల మీద ఆ చిల్లుల ముద్రలు పడి ఉంటాయి, మా చిన్నప్పుడు వాటి మీద కాలు పెట్టకుండా దూకేవాళ్లం. మీ పిల్లలకూ నేర్పండి.

కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా ఇక్కడికే తెచ్చి కట్టారు. శ్రీశైలం నీళ్లలో మునిగే ఊళ్ల నుంచి గుళ్లు కదిలాయి. మనుషులు మటుకు ఎక్కడి వాళ్లు అక్కడ చెల్లాచెదురయ్యారు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు అలాగే పోయింది. నీళ్లు తగ్గిన వేసవిలో గట్టున నిలబడి "అదిగో, ఆ మిట్ట మీదే మా గడప" అని చేయి చాపి చూపించేది.

కార్తీక సోమవారం మటుకు అలంపురం రావద్దు. కాలు పెట్టడానికి చోటుండదు.

జాతీయ రహదారి 44
గద్వాల చెల్లి, తుంగభద్ర గట్టు అన్న చెప్పినవి విన్నాక నా లెక్క మార్చాను. మొదటి రోజు ఊరు, రెండో రోజు అలంపురం, గద్వాల. రాత్రికి గద్వాలలోనే ఆగండి. మూడో రోజు పొద్దున మగ్గాలు, తర్వాత జూరాల మీదుగా వెనక్కి.

జొన్నరొట్టె
ఆకలి తప్ప ఇంకేమీ గుర్తుండని అన్నయ్యగారి గురించి ఎవరూ పట్టించుకోలేదు. నేనున్నాను.

గద్వాలలో ఆగితే పొద్దున ఇడ్లీ జోలికి వెళ్లకుండా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినాలి. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు, పైన పుట్నాల పొడి. బజ్జీ కొరికి ఉగ్గాని నోట్లో వేసుకోవాలి. విడివిడిగా తినడం ఆ రెంటికీ అవమానం. జూరాల దగ్గర చేపలు అప్పటికప్పుడు కోసి వేయించి ఇస్తారు. ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేరుశనగ పొడి మీరే చేసి పెట్టండి, హోటలు రొట్టె చల్లారితే అట్ట. ఉప్పు తక్కువైనా పరవాలేదు, రొట్టె పెనం మీద నుంచి నేరుగా కంచంలోకి రావాలి.

సీతాఫలాలు మరవకండి. బాలానగర్ రకం అని దేశమంతా సాగు చేసేది మన బాలానగర్ పేరు మీదే. కార్తీకం నాటికి పంట చివరికొస్తుంది కానీ హైవే పక్కన గంపలు ఇంకా ఉంటాయి. కళ్లు విచ్చుకుని మధ్య గీతలు తెల్లబడిన కాయ తీసుకుంటే మర్నాటికి పండుతుంది.

మెట్టుగడ్డ కోడలు
చిక్కు వచ్చి పడింది. అమ్మ కార్తీకమంతా నీచు ముట్టదు. ముట్టకపోవడమే కాదు, పక్కన కూర్చుని తిననివ్వదు. అన్నయ్య జూరాల పేరు వినగానే ఫోనులోనే లొట్టలు వేశాడు.

షాసాబ్ గుట్ట
అమ్మగారిని కారులో కూర్చోబెట్టి "ఇంజిను వేడెక్కింది, చల్లారాలి" అని అన్నయ్యను అటు పంపండి.

జొన్నరొట్టె
చేపల వాసన షర్టుకు పడుతుంది. అమ్మలు పట్టేస్తారు. బజ్జీలు చాలా చోట్ల దొరుకుతాయి, అమ్మగారిని డ్యామ్ కనబడే వైపు కూర్చోబెట్టి బజ్జీ, టీ ఇప్పించండి. అయినా గోదావరి మనిషి కదా, జూరాల చేపను పులసతో పోల్చవద్దని ఆయనకు ముందే చెప్పి పెట్టండి. వండేవాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

ఊకచెట్టు వాగు
కార్తీకంలో వస్తూ కురుమూర్తి జాతర మాట ఒక్కరూ ఎత్తలేదే! కోటలు, డ్యాములు ఎప్పుడైనా ఉంటాయి. దీపావళి దాటాక మొదలయ్యే ఈ జాతర ఏడాదికొక్కసారే.

చిన్నచింతకుంట దగ్గర కొండల్లో వెంకటేశ్వరస్వామి. ఆత్మకూరు నుంచి స్వామి ఆభరణాలు ఊరేగింపుగా వస్తాయి. అసలు జాతర మటుకు ఉద్దాల రోజే. ఉద్దాలు అంటే స్వామి పాదరక్షలు. వడ్డెమాన్‌లో మాదిగ కులస్థులు ఉపవాసాలుండి నియమంగా తోలుతో కుడతారు. వాటిని ఊరేగింపుగా తెస్తుంటే దారి పొడవునా జనం. దగ్గరికి రాగానే తల వంచి నెత్తికి తాకించుకోవడానికి తోసుకుంటారు. ఎవరి చేతి పనిని తాకకూడదని ఊళ్లు ఒకప్పుడు దూరం పెట్టాయో, వాళ్లు కుట్టిన చెప్పును నెత్తిన పెట్టుకోవడానికి ఆ ఒక్కరోజు అన్ని కులాల వాళ్లూ వరస కడతారు. ఆ రోజు అక్కడ నిలబడి చూస్తే పాలమూరు గురించి మూడు రోజులు తిరిగినా తెలియనిది తెలుస్తుంది.

రైలుకట్ట
ఆ ఒక్కరోజే. మర్నాడు మళ్లీ మామూలే కదా?

ఊకచెట్టు వాగు
మామూలే. నేను కాదనలేదు. అందుకే "ఒక్కరోజు" అని రాశాను.

పాత పాలమూరు
మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను ఆ తొక్కిసలాటలోకి ఎలా తీసుకెళతారు? కొండ ఎక్కాలి కూడా. ఉద్దాల రోజు వద్దు. జాతర ఆ తర్వాత కూడా సాగుతుంది, మామూలు రోజున వెళ్లి కింద అంగళ్లలో తిరిగితే చాలు. గాజులు, బొరుగులు, బొమ్మలు, రంగులరాట్నం. పిల్లలకు అంతకన్నా ఏమి కావాలి? దారిలో కోయిల్‌సాగర్ కూడా వస్తుంది, నీళ్ల ముచ్చటా తీరుతుంది.

కొల్లాపూర్ కొమ్మ
నీళ్లంటే సోమశిల. కృష్ణ అక్కడ నది అనిపించదు, కొండల మధ్య మలుపులు తిరిగిన సముద్రపు పాయ అనుకోవచ్చు. పడవ ఎక్కవచ్చు, లలితా సోమేశ్వరుడి గుడి ఉంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు శ్రీశైలం దాకా లాంచీ కూడా నడుపుతారు. కార్తీకంలో నీళ్లకు లోటుండదు.

జాతీయ రహదారి 44
తమ్ముడూ, సోమశిల బాగుంటుంది, కాదనను. కానీ మహబూబ్‌నగర్ నుంచి పోను రాను ఒక రోజు తినేస్తుంది. గద్వాల వైపు వెళ్లేవాళ్లు అటు కూడా వెళ్లాలంటే మూడు రోజులూ కారులోనే గడుస్తాయి. అటో ఇటో తేల్చుకోవాలి.

కొల్లాపూర్ కొమ్మ
తేల్చుకోమంటే సోమశిలే అంటాను. మామిడి పండ్ల కాలంలో అయితే అడగనే అడగను, బలవంతంగా లాక్కెళతాను.

అడవి దారి
మల్లెలతీర్థం కూడా అడుగుతారేమో, ముందే చెబుతున్నా: జలపాతం దాకా వందల మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. అమ్మగారికి కుదరదు. శ్రీశైలం రోడ్డు మీద అడవిలోకి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లు వదలరు. ఆ సంగతి తెలియక మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర తెల్లారేదాకా పడిగాపులు కాసేవాళ్లను తరచూ చూస్తుంటాను.

బొంబాయి బండి
పైన రైలుకట్ట గారు మొదట్లో రాసిన మాట గురించి. ఎగతాళిగా రాశారో బాధతో రాశారో నాకు తెలియదు. మా నాన్న వలస కూలీ. మట్టి పని, రాళ్ల పని, కాలువల పని. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట లేచినా పాలమూరు కూలీ చేయి పడకుండా లేవలేదని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. సొంత ఊళ్లో మటుకు తాగునీటికి ట్యాంకరు. చుట్టాలకు ఇక్కడి సంస్కృతి చూపించాలంటే కోటలూ చీరలతో పాటు ఇది కూడా చెప్పాలి. ఇక్కడి పాటలో సగం వలసే. ఇంటికి రాని కొడుకు, ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు, బొంబాయి బస్సు. బుడగజంగాల నోట పండుగ సాయన్న కథ వినండి, పెద్దల ధాన్యం కొట్టి పేదలకు పంచిన మనిషిని ఎందుకు ఇప్పటికీ పాడుకుంటారో అర్థమవుతుంది.

షాసాబ్ గుట్ట
అన్నా, మీ మాట కాదనే ధైర్యం నాకు లేదు. కానీ సెలవులకు వచ్చిన వాళ్లకు మన పేదరికాన్ని ప్రదర్శనకు పెట్టడం నాకు నచ్చదు. ఎన్నేళ్లు ఆ ఒక్క ముద్రే మోయాలి? నేను చదువుకునే రోజుల్లో హాస్టల్లో "పాలమూరు" అని చెప్పగానే "అయ్యో" అనేవాళ్లు. అప్పటి నుంచి ఆ "అయ్యో" అంటే ఒళ్లు మంట.

బొంబాయి బండి
ప్రదర్శన పెట్టమనలేదు. జూరాల గేట్ల ముందు ఫొటో దిగేటప్పుడు ఆ రాయి పేర్చింది ఎవరో పిల్లలకు ఒక మాట చెప్పమంటున్నాను. "అయ్యో" అనేవాళ్లకు కాదు, "అబ్బో" అనేలా చెప్పవచ్చు.

రైలుకట్ట
బాధతోనే రాశాను. మా ఇంట్లోనూ ముగ్గురు పుణెలో ఉన్నారు.

కాలువ కింద పొలం
ఇప్పుడు పరిస్థితి మారింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల పథకాల నీళ్లు వచ్చాక మా ఊళ్లో రెండు పంటలు పండుతున్నాయి, నాట్లకు బయటి రాష్ట్రాల కూలీలు వస్తున్నారు. ఈ ఘనత ఎవరిదంటే...

నిర్వాహకుడు
ఎవరిదో ఇక్కడ తేల్చవద్దు. ఎన్నికల చర్చకు వేరే చోటుంది. చుట్టాల సంగతికి రండి.

మెట్టుగడ్డ కోడలు
అన్నీ చదివి మా ఆయనకు వినిపించాను. గొట్టాల్లోంచి ఊడలు దించారన్న సంగతి ఆయనకే తెలియదు, నిన్న సాయంత్రం బండి తీసుకుని వెళ్లి చూసొచ్చాడు! ఇప్పటికి అనుకున్నది ఇది: మొదటి రోజు పొద్దున పిల్లలమర్రి, మధ్యాహ్నం ఇంట్లో జొన్నరొట్టె, తర్వాత కురుమూర్తి జాతర. ఉద్దాల రోజు కాదు. రెండో రోజు అలంపురం, రాత్రికి గద్వాల. మూడో రోజు మగ్గాలు, జూరాల. సోమశిల ఈసారికి లేదు, కొల్లాపూర్ తమ్ముడు ఏమీ అనుకోవద్దు. అమ్మ కోసం మన్యంకొండ కూడా పెట్టాలని ఉంది, కుదురుతుందా?

పాత పాలమూరు
కుదురుతుంది. రాయచూరు రోడ్డు మీద, పట్నం నుంచి అరగంట. కొండపైకి బండ్లు వెళతాయి. తవ్వని కోనేరు, చెక్కని పాదాలు, ఉలి ముట్టని స్వామి అని మా అమ్మమ్మ చెబుతూ దండం పెట్టించేది. తిరుపతి వెళ్లలేని పేదల తిరుపతి అది. కురుమూర్తి వెళ్లే రోజే పెట్టుకోండి, ఒకే వైపు. కాకపోతే మధ్యాహ్నం రొట్టెలకు ఇంటికి తిరిగొస్తే సమయం చాలదు, డబ్బాలో కట్టుకోండి.

జొన్నరొట్టె
డబ్బాలో జొన్నరొట్టె! నేను ఈ చర్చ నుంచి తప్పుకుంటున్నాను.

గద్వాల అంచు
సజ్జరొట్టె నువ్వులు వేసి కాలిస్తే రెండు రోజులు నిలవ ఉంటుంది. సంక్రాంతికే చేయాలని చట్టమేమీ లేదు.

జొన్నరొట్టె
సరే, మళ్లీ చేరాను.

పేట మామయ్య
మరి నారాయణపేట?

మెట్టుగడ్డ కోడలు
మామయ్యా, పేట చీరలు పాలమూరు బజారులోనే కొనిపిస్తాను. బావి వచ్చేసారి.

పేట మామయ్య
బజారులో పేట చీర అని చెప్పి మరమగ్గానిది అంటగడతారు. కొనే ముందు ఫొటో పెట్టు తల్లీ, చూసి చెబుతాను.

కొత్త సభ్యురాలు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మేము ఖమ్మం నుంచి మన్యంకొండ జాతరకు రావాలనుకుంటున్నాం. ఎప్పుడు ఉంటుంది? ఊళ్లో గదులు దొరుకుతాయా?

పాత పాలమూరు
మాఘ పౌర్ణమికి. గదులకు ముందే ఫోను చేసుకోండి, ఆ రోజుల్లో దొరకడం కష్టం. రైల్లో వస్తే బస్టాండుకు ఆటో కట్టించుకుని, అక్కడి నుంచి కొండకు బస్సు ఎక్కండి.

షాసాబ్ గుట్ట
పెద్దవాళ్లుంటే బస్సు వద్దు, 44 అన్నను అడగండి.

జాతీయ రహదారి 44
జాతర రోజుల్లో నా బండి ఖాళీ ఉండదు. సంక్రాంతిలోపు చెబితే చూస్తాను.